మావాడు గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నాడు

మా ఊళ్ళో ఉద్యోగం లేని, పెళ్ళి కాని మగపిల్లాడు ఇంట్లో ఉంటే అడిగినవాళ్ళకి చెప్పడానికి ఒక మాట రెడీగా ఉంటుంది. "గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నాడు." ఇంతకన్నా మంచి అబద్ధం నాకు తెలిసి ఇంకోటి లేదు. విన్నవాళ్ళు ఇంక రెండో ప్రశ్న వెయ్యరు, పైగా కాస్త గౌరవంగా చూస్తారు, ఎన్నేళ్ళయినా చెల్లుతుంది. గ్రూప్-2 నోటిఫికేషన్ 2018 డిసెంబరులో వచ్చాక మళ్ళీ 2023 డిసెంబరు దాకా రాలేదు కదా, ఆ మధ్యలో మా అమ్మానాన్నలకి ఇబ్బందే లేకపోయింది. "నోటిఫికేషన్ రావాలి కదండీ" అనేవారు నాన్న, నిజంగా దానికోసమే ఎదురుచూస్తున్నట్టు. మా తమ్ముడు ఒక్క పుస్తకం కొనలేదు. నోటిఫికేషన్ వచ్చినప్పుడు అప్లికేషనూ పెట్టలేదు.

వాడు 2020 లాక్‌డౌన్‌లో ఒక బ్యాగు పట్టుకుని బెంగళూరు నుంచి విజయనగరం వచ్చాడు. మేడమీద గదిలో టేబులు వేసుకుని వర్క్ ఫ్రమ్ హోమ్ అన్నాడు. ఉద్యోగం పోయిన సంగతి ఐదు నెలల దాకా ఎవరికీ చెప్పలేదు, రోజూ తొమ్మిదింటికి లాప్‌టాప్ తెరిచి కూర్చునేవాడు. తెలిశాక నాన్న అరిచారు, వాడు తిరిగి ఏమీ అనలేదు, మర్నాడు తినడానికి కిందికి రాలేదు. అంతే. ఏదో పెద్ద గొడవ జరిగి తలుపు దబ్బున వేసుకోవడం లాంటిదేం లేదు. ముందు చుట్టాలు వస్తే దిగడం మానేశాడు, తర్వాత మేమున్నప్పుడు దిగడం మానేశాడు, ఆ తర్వాత రాత్రి ఒంటిగంటకి అందరూ పడుకున్నాక దిగి, అమ్మ మూతపెట్టి ఉంచింది తినేసి, కంచం కడిగి బోర్లించి వెళ్ళిపోయేవాడు. ఆ కడిగిన కంచం చూసి అమ్మ పొద్దున్నే ఏడ్చేది. తాగడు, ఎవర్నీ కొట్టడు, డబ్బులడగడు. అందుకే మాకు చాలాకాలం అది జబ్బు అనాలో బద్ధకం అనాలో తెలియలేదు. చుట్టాల్లో తెలిసిన ఇద్దరు ముగ్గురు మాత్రం బద్ధకమనే తేల్చేశారు. ఒకాయన తాయెత్తు తెచ్చాడు. ఇంకొకాయన "వైఫై పీకీండి, ఆడే వస్తాడు" అన్నాడు. పీకాం. వాడు రెండు రోజులు అన్నం కూడా మానేశాడు. మూడో రోజు నేనే వెళ్ళి మళ్ళీ పెట్టాను.

దీనికి జపాన్‌వాళ్ళు ఒక పేరు పెట్టారని ఫోన్‌లో చదివే దాకా నాకు తెలియదు. హికికొమోరి. లోపలికి లాక్కుని ఉండిపోవడం అని అర్థమట. సైతో తమాకి అనే సైకియాట్రిస్టు 1998లో పుస్తకం రాశాక ఆ మాట అక్కడ ఇంటింటికీ తెలిసింది. ఆరు నెలలకి మించి చదువు, ఉద్యోగం, స్నేహాలు అన్నీ వదిలేసి ఇంటికే పరిమితమైతే అలా అంటారు. 2022లో ప్రభుత్వం చేసిన సర్వే లెక్క ప్రకారం 15 నుంచి 64 ఏళ్ళ మధ్యవాళ్ళు సుమారు 14.6 లక్షల మంది అలా ఉన్నారు. ఆ అంకె చూసి భయపడాలి గానీ, నిజం చెప్తున్నాను, నాకు ఊపిరి అందినట్టయింది. నన్ను ఇంకా పట్టేసుకున్నది వేరే సంగతి. అక్కడ ఇలాంటి పిల్లల తల్లిదండ్రులకి ఒక సంఘం ఉంది, దేశమంతా శాఖలున్నాయి, దాన్ని 1999లో మొదలుపెట్టింది ఒకుయామా మసహిసా అని ఒక తండ్రి. డాక్టరు కాదు, అధికారి కాదు, ఇంట్లో అలాంటి కొడుకున్న ఒక తండ్రి. అక్కడి ఆరోగ్యశాఖ 2010లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా సాయం మొదలయ్యేది ఇంట్లోవాళ్ళ దగ్గరే. గదిలో ఉన్న మనిషి వంతు ఆ తర్వాత వస్తుంది. ఎందుకంటే గదిలో ఉన్నవాడు ఎలాగూ రాడు. రాగలిగినవాళ్ళు మనమే.

ఈ సంగతి నాకు ఇంకో దారిలో కూడా తెలిసొచ్చింది. వైజాగ్‌లో ఒక క్లినిక్‌కి వెళ్ళాను, ఫైల్లో వాడి పాత రిపోర్టులు, నేను రాసుకున్న నాలుగు పేజీలు పట్టుకుని. కౌంటర్‌లో అమ్మాయి "పేషెంట్ ఎక్కడండీ?" అంది. "రాలేదండీ" అన్నాను. నా పక్కన నిలబడ్డావిడ కూడా సరిగ్గా అదే మాట అదే సమయంలో అంది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. లోపలికెళ్తే డాక్టరుగారు పేషెంట్‌ని చూడకుండా ఏం రాయలేనన్నారు. ఆయన తప్పేం లేదు. కానీ తీసుకురాగలిగితే ఇంక మీదాకా ఎందుకండీ అని నోటిదాకా వచ్చింది.

ఆవిడది ఆమదాలవలస. తిరిగొచ్చేటప్పుడు ఇద్దరం పలాస ప్యాసింజర్‌లో పక్కపక్కనే కూర్చున్నాం. వైజాగ్ నుంచి విజయనగరం ఓ గంట ప్రయాణం. ఆ గంటలో మా ఇంట్లో నాలుగేళ్ళలో ఎవరికీ చెప్పనివన్నీ చెప్పేశాను. ఆవిడకి ఆశ్చర్యం అనిపించినవేం లేవు. "మావోడు కూడా కంచం కడిగీస్తాడమ్మా" అంది. నేను దిగేటప్పుడు నంబరు ఇచ్చి, "ఏటనుకోకు, రాత్రిళ్ళు ఫోన్ చేస్తాను, పగలు మా ఆయన ఉంటాడు" అంది. ఆవిణ్ణి అత్తా అంటాను ఇప్పుడు.

మొదట ఇద్దరం. తర్వాత అత్తకి తెలిసిన ఒక రిటైర్డ్ మాస్టారు, నెల్లిమర్ల నుంచి. ఆయన ద్వారా ఇంకో ఇద్దరు. ఇప్పుడు ఆరు కుటుంబాలం. ఎక్కడ కలవాలన్నది పెద్ద సమస్య అయింది. ఎవరి ఇంట్లోనూ కుదరదు, ఇంట్లోనే వాడున్నాడు. హోటల్లో ఎవరైనా చూస్తారు. చివరికి మాస్టారు రామతీర్థం అన్నారు. గుడికి వెళ్తున్నామంటే ఈ జిల్లాలో ఎవరూ ఎందుకని అడగరు. రెండో ఆదివారం పొద్దున్నే దర్శనం చేసుకుని ఓ పక్కన నీడ చూసుకుని కూర్చుంటాం, పులిహోర తెచ్చుకుంటాం, పదకొండున్నరకి ఎవరి ఆటో వాళ్ళు ఎక్కేస్తాం. వాట్సాప్ గ్రూపు పేరు "రామతీర్థం భజన". భజన ఒక్కసారీ చెయ్యలేదు. (మాస్టారు బాగా పాడతారని తర్వాత తెలిసింది, అది వేరే కథ.)

మొదటి మీటింగు ఎలా జరిగిందో చెప్తే నవ్వుతారు. ఒక్కొక్కరూ బయటివాళ్ళకి ఏం చెప్తున్నారో అడిగారు మాస్టారు. మాది గ్రూప్స్. అత్తది గ్రూప్స్. మాస్టారిది డీఎస్సీ, ఆయన మాస్టారు కాబట్టి. పార్వతీపురం ఆవిడది రైల్వే, కొత్తవలసాయనది బ్యాంకు పరీక్షలు. ఒకరైతే కెనడా పంపేశామని చెప్పి, ఇప్పుడు దాన్నుంచి ఎలా బయటపడాలో తెలియక కూర్చున్నారు. "ఈ పరీక్షలే లేకపోతే మన పిల్లలు ఏటైపోదురో" అంది అత్త. మా అమ్మ నవ్వింది. ఆవిడ నవ్వి ఎన్నాళ్ళయిందో లెక్కపెట్టుకోవాల్సి వచ్చింది నాకు.

జపాన్‌లో 8050 అని ఒక మాట ఉంది. ఎనభైల్లో ఉన్న తల్లిదండ్రుల పింఛను మీద యాభైల్లో ఉన్న పిల్లలు బతకడం. మేం కూడా మా అంకెలు వేసుకున్నాం. మాది 6630. మాస్టారిది 7141. ఆ అంకె చెప్పి ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ రోజే మొదటిసారి మేం పోయాక సంగతేంటన్నది బయటికి అనుకున్నాం. ఇల్లు ఎవరి పేరు మీద ఉండాలి, వాడికి బ్యాంకు ఖాతా ఉందా, ఆధార్‌లో ఫోన్ నంబరు ఇంకా పనిచేస్తోందా, ఆరోగ్యశ్రీ కార్డులో పేరుందా. ఏడుపులకన్నా ఈ మాటల వల్లే ఎక్కువ ఉపయోగం జరిగిందనుకుంటాను. నాన్న మర్నాడే వాడి పాత సిమ్ రీచార్జ్ చేయించి వచ్చారు, ఎవరూ చెప్పకుండా.

మా జాతర సంగతి నేను చెప్పింది మూడో మీటింగులో. అంతకుముందు మా ఆయనకి కూడా చెప్పలేదు.

మా పుట్టిల్లు కోటకి దగ్గర. దసరా తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం, ముందురోజు తొలేళ్ళు. ఆ రెండు రోజులూ మా ఇంట్లో ఇరవై ముప్పై మంది చుట్టాలు ఉంటారు, మేడమెట్ల మీద కూడా కూర్చుంటారు. ఒక ఏడాది నాన్న అందరికీ తమ్ముడు ఏదో పరీక్ష రాయడానికి హైదరాబాద్ వెళ్ళాడని చెప్పేశారు. చెప్పి, మేడమీద గదికి బయట గొళ్ళెం పెట్టి, తాళం కూడా వేశారు, పిల్లలెవరైనా తోసి లోపలికి వెళ్తారేమోనని. నేను చూశాను. సరే కదా అనుకున్నాను. బాత్‌రూమ్ కింద ఉంది. సోమవారం సాయంత్రం నుంచి మంగళవారం రాత్రి పదకొండు దాకా వాడు ఆ గదిలో చప్పుడు చెయ్యకుండా ఉన్నాడు. పిల్లలు ఆ తలుపు పక్కనే బొంగరాలు ఆడుకున్నారు. అందరూ వెళ్ళాక తాళం తీస్తే గదిలో మూడు వాటర్ బాటిళ్ళు మూతలు బిగించి వరసగా పెట్టి ఉన్నాయి. నీళ్ళవి కావు. వాడు మమ్మల్ని ఏమీ అనలేదు. ఆ బాటిళ్ళు పట్టుకుని కిందికి దిగాడు, వెళ్ళి పారబోసి, కడిగి, మళ్ళీ పైకి వెళ్ళిపోయాడు.

అన్నకోసం బెంగపెట్టుకుని పెద్దచెరువులో కలిసిపోయిన ఆడపడుచుని దేవతని చేసుకున్న ఊరు మాది. ఆ జాతర రోజునే నా తమ్ముడికి తాళం వేస్తుంటే చూస్తూ ఊరుకున్నాను. వాడు తలుపు వేసుకున్నాడని నాలుగేళ్ళుగా మాలో మేం చెప్పుకుని ఏడ్చింది మేమే, గొళ్ళెం పెట్టింది కూడా మేమే.

ఇది చెప్పాక ఎవరూ నన్ను తిట్టలేదు, ఓదార్చలేదు కూడా. మాస్టారు ఒక్కటే అన్నారు, "నేను రెండు నెలలు సాంబార్లో మాత్రలు కలిపేనమ్మా." ఎవరో తెలిసినవాళ్ళు ఇచ్చిన సలహా అట. కొడుక్కి తెలిసిపోయింది. అప్పట్నుంచి ఇంట్లో వండింది ముట్టుకోవడం మానేసి, బిస్కెట్లు, అరటిపళ్ళు, సీలు ఉన్నవి మాత్రమే తిన్నాడు, దాదాపు ఏడాది. ఇది ఎవరైనా చేద్దామనుకుంటుంటే దయచేసి వద్దు. మందు సరిపడుతుందో లేదో తెలియని ప్రమాదం ఒకటి, అది కాక ఆ ఇంట్లో మిగిలిన ఒక్క నమ్మకం కూడా పోతుంది, అన్నం మీద నమ్మకం.

మేం ఏం చేస్తాం అని అడుగుతుంటారు. సలహాలివ్వం, అడిగితే తప్ప. ఒక కట్టుబాటు మాత్రం గట్టిగా పాటిస్తాం: కలవగానే "మీవాడు బయటికొచ్చాడా" అని అడగకూడదు. "నువ్వు ఈ నెల ఎక్కడికెళ్ళావు" అని అడగాలి. మొదట్లో మా అమ్మ దగ్గర జవాబు లేదు. మూడేళ్ళుగా పెళ్ళి భోజనానికి వెళ్ళలేదు, సొంత చెల్లెలి ఇంటికి వెళ్ళలేదు, ఎవరైనా అడుగుతారని కూరగాయలు కూడా తోపుడు బండి దగ్గరే కొనేది. వాడు ఒక గదిలో ఉంటే ఆవిడ రెండు గదుల్లో ఉంది, అంతే తేడా.

క్రాఫ్ట్ అని ఒక పద్ధతి ఉంది. అమెరికాలో తాగుడు మానని మనుషుల ఇంట్లోవాళ్ళ కోసం తయారైంది, తర్వాత జపాన్‌లో ఈ పిల్లల కుటుంబాలకి తగ్గట్టు మార్చుకున్నారు. క్యూషూ యూనివర్సిటీవాళ్ళు ఇంట్లోవాళ్ళకి ఐదు రోజుల శిక్షణ కూడా తయారుచేశారు. మాకు శిక్షణ ఇచ్చేవాళ్ళెవరూ లేరు, చదివి అర్థమైనంత వరకు ప్రయత్నించాం. నాకు అర్థమైంది ఇది. మాట చిన్నదిగా ఉండాలి, అందులో ప్రశ్న ఉండకూడదు, ఎత్తిపొడుపు అసలే ఉండకూడదు. "ఎన్నాళ్ళురా ఇలా" అనే మాట మా ఇంట్లో వెయ్యిసార్లు వినిపించి ఉంటుంది. దాని బదులు "పెసరట్టు వేశాను, హాల్లో పెట్టాను" అనాలి. అని, వెళ్ళిపోవాలి. నిలబడి చూడకూడదు. వాడు వచ్చి తింటే "ఇప్పుడైనా బుద్ధొచ్చింది" అనకూడదు, ఇది మా నాన్నకి చాలా కష్టమైంది, పళ్ళు బిగబట్టుకుని పేపరు చదివేవారు. వాడు కాస్త బాగున్న వేళ ఏదో గమనించుకోవాలి. మావాడికి వాన పడ్డ రోజు సాయంత్రాలు, ఎందుకో తెలియదు. ఇంట్లో ఎవరైనా చెయ్యి చేసుకునే పరిస్థితి ఉంటే ముందు మనం ఎక్కడికి తప్పుకోవాలో అనుకుని ఉంచుకోవాలి. మా ఆరు ఇళ్ళల్లో ఒకచోట ఆ అవసరం ఉంది, దాని గురించి ఇక్కడ రాయను.

అలాగని తలుపు మూసుకున్న ప్రతివాడిదీ ఒకటే కథ అనుకోవడం పెద్ద తప్పు. లోపల డిప్రెషన్ ఉండొచ్చు, మనుషులంటే వణికే భయం ఉండొచ్చు, స్కిజోఫ్రెనియా మొదలవుతూ ఉండొచ్చు. పార్వతీపురం ఆవిడ కొడుకు ఎవరితోనో మాట్లాడుతున్నట్టు రాత్రంతా గొణుక్కునేవాడు. అది విన్న రోజునే మాస్టారు "ఇది మన దగ్గర తేలే పని కాదమ్మా, వైజాగ్ తీసుకెళ్ళాలి" అన్నారు, తోడు కూడా వెళ్ళారు. ఆ అబ్బాయికి మందులు మొదలయ్యాయి, ఇప్పుడు నయం. నిద్ర లేకపోవడం, చచ్చిపోతాననడం, ఎవరో తరుముతున్నారనడం, ఇలాంటివి ఉంటే పులిహోర తింటూ మాట్లాడుకోవడం కుదరదు. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది, నంబరు 14416, రాత్రీపగలూ పనిచేస్తుంది, డబ్బులక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. ఇంట్లోవాళ్ళు కూడా చెయ్యొచ్చు, అది ముఖ్యం. అమ్మ ఒకరోజు చేసి ముప్పావు గంట మాట్లాడింది. అవతలి అమ్మాయి "మీరు భోంచేశారా అమ్మా" అని అడిగిందట. ఆ ఒక్క మాట ఇప్పటికీ చెప్తుంటుంది.

అందరూ నిలబడరు. రాజాం నుంచి ఒకాయన వచ్చారు, కూర్చుని గంటసేపు విని, "ఇవన్నీ సరేనండి, ఎన్నాళ్ళకి బయటికొస్తాడు, గ్యారంటీ ఏటి?" అన్నారు. గ్యారంటీ లేదన్నాం. మళ్ళీ రాలేదు. ఆయన మీద నాకు కోపం లేదు, మా నాన్నా మొదట్లో అంతే. జపాన్‌లో ఇలాంటి తండ్రుల కోసం ఏకంగా ఒక వ్యాపారమే ఉంది, డబ్బు తీసుకుని గదిలోంచి బలవంతంగా లాక్కెళ్ళి హాస్టల్లో పడేసేవాళ్ళు. అలా లాక్కెళ్ళబడ్డవాళ్ళు తర్వాత కోర్టులకెక్కారు. మన దగ్గర ఆ వ్యాపారం నాకు కనిపించలేదు గానీ దానికి బదులు పెళ్ళి ఉంది. "ఓ పిల్లని తెచ్చి పెళ్ళి చేసీండి, అన్నీ సర్దుకుంటాయి." ఎవరింటి పిల్లనండీ? ఆ అమ్మాయి ఏం పాపం చేసింది? ఈ మాట వచ్చినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది, గ్రూపులో కూడా దీనిమీద ఓసారి గట్టిగా అరిచాను, కొత్తవలసాయన అప్పటికే ఒక సంబంధం చూసి ఉన్నారు మరి. ఆయన నాలుగు నెలలు నాతో మాట్లాడలేదు. సంబంధం మాత్రం మానుకున్నారు.

ఇంతకీ మావాడు బయటికొచ్చాడా? రాలేదు. ఉద్యోగం లేదు, జుట్టు తనే కత్తిరించుకుంటాడు. వానాకాలంలో కొన్ని సాయంత్రాలు మెట్ల దాకా వచ్చి కూర్చుంటాడు. నేను ఆదివారం రామతీర్థం నుంచి పులిహోర తెస్తే గుమ్మంలో పెడతాను. ఓసారి లోపలి నుంచి "ఉప్పు ఎక్కువైందప్పా" అన్నాడు. ఆ మాట గ్రూపులో పెడితే ఇరవై రెండు దండాలొచ్చాయి, ఉన్నది పదకొండు మందిమి.

మొన్న జాతరకి నాన్న తాళం వెయ్యలేదు. తొలేళ్ళ రోజు మా శృంగవరపుకోట చిన్నాన్న రాగానే ఎప్పట్లాగే అడిగాడు, "ఏడీ, పరీక్షలేనా ఇంకా?" నాన్న నా వైపు చూసి, చొక్కా గుండీ ఒకటి సవరించుకుని, "పరీక్షల్లేవు, ఏం లేవురా. పైనే ఉన్నాడు. మనసు బాగోలేదు వాడికి, మనుషుల్లోకి రాలేడు. నాలుగేళ్ళు దాటింది" అన్నారు. చిన్నాన్న కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత తన బావమరిది కొడుకు గురించి మెల్లగా చెప్పడం మొదలుపెట్టాడు, అతను టెక్కలిలో, రెండేళ్ళుగా.

మర్నాడు మధ్యాహ్నం మూడు దాటాక, సిరిమాను కదిలే వేళయిందని సగం మంది వీధిలోకి పోయాక, తమ్ముడు తలమీద తువ్వాలు వేసుకుని కిందికి దిగాడు. హాల్లో ఆరుగురున్నారు. ఎవరి వైపూ చూడకుండా బాత్‌రూమ్‌కి వెళ్ళాడు, వచ్చాడు, మెట్లెక్కి వెళ్ళిపోయాడు. తలుపు వేసుకున్న చప్పుడు వినిపించింది.

"సన్నబడ్డాడు గుంటడు," అంది మా పెద్దత్త, చేతిలో ఉన్న బూరె కంచంలో పెట్టి.

"ఊఁ" అంది అమ్మ. "నూనె ఎక్కువైతే తినడు. రెండు వేరేగా తీసి ఉంచేను."